అతి తక్కువ పన్ను గల జిల్లా

రాష్ట్రంలోని జిల్లాలన్నింటి ఇంటి పన్ను రేట్లను పక్కపక్కన పెట్టి, భూతద్దంతో పరిశీలించి, అన్నిటికన్నా తక్కువ రేటు మన జిల్లాదేనని పన్నుల మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ఇంత పెద్ద శుభవార్త గాలికి పోకూడదని, పదకొండుంబావుకల్లా దాన్ని గోడల మీద రాసే పని నాకు అప్పగించారు. బోర్డులు రాయడం నా వృత్తి. ముప్ఫై ఏళ్ళుగా ఎవరు గెలిస్తే వాళ్ళ ఘనతే రాస్తున్నాను కనుక, ఇది నిజమైన ఘనతని చూడగానే తెలిసిపోయింది.

"రాష్ట్రంలోకెల్లా తక్కువ ఇంటి పన్ను! పక్క జిల్లాలో నూటికి ఒకటి, మన జిల్లాలో నూటికి అర." ఇదీ రాయవలసిన వాక్యం. మా ఊరి రైలుగేటు దాటితే పక్క జిల్లా. గేటు పడినప్పుడల్లా బళ్ళు ఆగుతాయి, ఆగినవాళ్ళు ఏదో ఒకటి చదవక తప్పదు. అందుకని గేటుకు ఎదురుగా ఉన్న గోడను మంత్రిగారి పీఏ స్వయంగా ఎంపిక చేశారు. ఆ గోడ మా పిన్నిది.

బాబాయి పోయాక పిన్ని ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని, బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ బతుకుతోంది. రెండు గదులు, ఒక రేకుల వసారా, వానొస్తే కారే చోట పెట్టడానికి ఒక బకెట్టు. ఇంతే ఇల్లు.

నేను 'తక్కువ'కు ఒత్తు పెడుతుండగా పిన్ని బయటికొచ్చింది.

"ఏం రాస్తున్నావురా?"

"మన పన్ను తగ్గింది పిన్నీ. సగానికి సగం."

"నిజంగానా? మరి ఇదేంటో చూడు" అంటూ లోపల్నుంచి ఒక నోటీసు తెచ్చింది. నిరుడు ఆరువేలు, ఈ ఏడు పదివేలు.

నిచ్చెన దిగి చదివాను. నోటీసులో తప్పేమీ లేదు. రేటు నిజంగానే సగం చేశారు. కాకపోతే నిరుడు ఆరు లక్షలున్న ఇంటి విలువను ఇరవై లక్షలు చేశారు.

మర్నాడే పన్నుల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చాలా మర్యాదస్తుడు, చెప్పులు గుమ్మం బయటే వదిలాడు. గోడకేసి కాసేపు చూసి, జేబులోంచి పెన్ను తీశాడు.

"గోడ మీద ప్రకటన ఉంది. అంటే వ్యాపార వినియోగం. పన్ను పద్నాలుగు వేలవుతుందమ్మా."

"అది మీ మంత్రిగారి ప్రకటనే కదయ్యా! నేను రాయమన్నానా?"

"రాయొద్దన్నారా?"

ఆ అంకె రాసుకున్నాక ఇన్‌స్పెక్టరు మనసు కరిగింది. "కుట్టుమిషను సంగతి నేను చూళ్ళేదు లెండి" అని గొంతు తగ్గించి చెప్పాడు.

"సరే నాయనా, ఇరవై లక్షల ఇల్లన్నారుగా. ఇరవైకే మీరు కొనుక్కోండి. ఇవాళే ఖాళీ చేస్తా."

ఆయన పకపకా నవ్వాడు. "దీన్నెవరు కొంటారమ్మా? రైలొస్తే గిన్నెలు కదులుతున్నాయి. నాలుగు లక్షలు కూడా రావు."

"ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి."

"నోటితో అన్నాను కదమ్మా. చేత్తో రాస్తే ఉద్యోగం పోతుంది."

బుధవారం నాడు పిన్నిని వెంటబెట్టుకుని మంత్రిగారి ఆఫీసుకు వెళ్ళాను. మూడుగంటలు కూచోబెట్టినా లోపలికి రానిచ్చారు, అది మామూలు విషయం కాదు. మంత్రిగారు అర్జీ అంతా ఓపిగ్గా విన్నారు.

"రేటు తగ్గిందా లేదా అక్కా?"

"తగ్గిందయ్యా. పన్ను పెరిగింది."

"రేటు నా చేతిలో ఉంది, తగ్గించాను. మీ ఇల్లు పెరిగింది, దానికి సంతోషించాలి."

"ఎక్కడ పెరిగిందయ్యా? అవే రెండు గదులు."

"గది కాదక్కా, విలువ! విలువ పెరిగింది."

"మరి దాన్ని ఏ గదిలో పెట్టారో చెబితే, అద్దెకన్నా ఇచ్చుకుంటాను."

మంత్రిగారు చాలాసేపు నవ్వారు. తర్వాత ఒక్కసారిగా గంభీరమై, మామూలు మనిషికి తట్టని ఆలోచన చేశారు. జిల్లాల మధ్య పన్ను పోల్చాలంటే ఒక నమూనా ఇల్లు కావాలి, అది అక్క ఇల్లే కావాలి! అక్కడికక్కడే తులనాత్మక అధ్యయన కమిటీ ఏర్పడింది.

కమిటీలో తొమ్మిదిమంది. ఇంట్లో అందరూ పట్టరు కనుక ముగ్గురేసి చొప్పున లోపలికి వెళ్ళి కొలిచారు. మొదటి ముగ్గురికి వచ్చిన కొలత రెండో ముగ్గురికి రాలేదు. మూడో ముగ్గురూ కొలవకుండా సరాసరి తీశారు. కమిటీ కార్లు దిగడానికి వీలుగా ఇంటి ముందు తారు వేయించారు, స్తంభానికి దీపం పెట్టించారు. రోడ్డూ దీపమూ ఉన్న ఇల్లు కావడంతో విలువ మళ్ళీ పెరిగింది. ఈసారి నోటీసు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఇన్‌స్పెక్టరు చెప్పులు విప్పలేదు.

పిన్ని నోటీసు మడిచి, కొంగున ముడేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా గేటు దాటి పక్క జిల్లా పన్నుల ఆఫీసుకు నడిచింది. పది నిమిషాల నడక. తన ఇంటి కొలతలు చెప్పి, ఇదే ఇల్లు ఇక్కడుంటే పన్నెంతని అడిగింది. అక్కడి గుమాస్తా లెక్క కట్టి చీటీ రాసిచ్చాడు. ఇంటి విలువ నాలుగు లక్షలు, పన్ను నాలుగు వేలు.

"మా రేటు ఎక్కువేనమ్మా" అన్నాడట పాపం, తలొంచుకుని. "రాష్ట్రం మొత్తమ్మీద మాదే ఎక్కువని పేపర్లో వేశారు. ఇంట్లో మొహం చూపించలేకపోతున్నాం."

ఆదివారం బహిరంగ సభ. మంత్రిగారు రేటు గురించి మాట్లాడుతుండగా పిన్ని ఆడవాళ్ళ వరసలోంచి లేచి, చీటీ పైకెత్తి పట్టుకుంది.

"పక్క జిల్లాలో నా ఇంటికి నాలుగు వేలే! నూటికి ఒకటి చొప్పున, నాలుగు వేలు!"

మంత్రిగారు మైకు దగ్గరికి లాక్కున్నారు. "విన్నారా! ఒక పేద ఆడపడుచు స్వయంగా వెళ్ళి తెలుసుకుని వచ్చింది. అక్కడ నూటికి ఒకటి! ఇక్కడెంత?"

"అర!" అన్నారు జనం.

చప్పట్లు మోగిపోయాయి. చేతికి పెయింటు ఉండటంవల్ల నేను కొంచెం మెల్లగా కొట్టాను. పిన్నిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆమె శాలువాతోనే ఇంటికొచ్చి, మిషను ముందు కూచుని, చాలాసేపు ఏమీ కుట్టలేదు.

"పిన్నీ, ఏమన్నా తిన్నావా?"

"ఒరేయ్, ఒక కాగితం తే. నేను చెబుతా, నువ్వు రాయి. నీ అక్షరాలు బాగుంటాయి."

ఒకే వాక్యం చెప్పింది. "అయ్యా, రేటు ఎక్కువైనా ఫరవాలేదు, నా ఇంటిని పక్క జిల్లాలో కలపండి."

ఆ అర్జీ చదివి కలెక్టరాఫీసులో రెండు రోజులు నవ్వుకున్నారు. మూడో రోజు మంత్రిగారి పీఏ వచ్చి, నవ్వకుండా, ఒక నకలు పట్టుకెళ్ళారు. నెల తిరక్కుండా గెజిట్ వచ్చింది. ఒక పౌరురాలి విన్నపాన్ని మన్నించి, ప్రజాహితం దృష్ట్యా జిల్లా సరిహద్దును సవరించినట్టు అందులో ఉంది.

పిన్ని కళ్ళొత్తుకుంది. "ఆఫీసుల్లో మనుషులే ఉంటార్రా. అనవసరంగా ఆడిపోసుకున్నాను."

కొత్త సరిహద్దు రాళ్ళ మీద అక్షరాలు రాసే పని కూడా నాకే వచ్చింది. కుంచెలు సర్దుకుని పిన్ని ఇంటి దగ్గర నిలబడ్డాను. పీఏ ఫోను చేశారు.

"అక్కడెందుకయ్యా? ఇటు రా."

కొత్త గీత రైలుగేటు దగ్గర బయల్దేరి, పిన్ని ఇంటిని ఇటే వదిలేసి, పెరటిగోడను ఒరుసుకుంటూ వెళ్ళి, మెయిన్ రోడ్డు అంచు వెంబడి రెండు కిలోమీటర్లు సన్నగా సాగి, మంత్రిగారి మూడంతస్తుల కొత్త ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వెనక్కి వచ్చింది. రాయి ఆయన గేటు ముందే పాతారు.

పిన్ని పన్ను వాయిదాల్లో కడుతోంది. ఈ మధ్య తెల్లవారకముందే మిషను చప్పుడు వినిపిస్తోంది.

నేను రాయి మీద రెండు వైపులా రెండు జిల్లాల పేర్లు రాసి, రంగు ఆరేదాకా కాపలా కూచున్నాను. పన్నెండు గంటలకు విలేఖరులు వచ్చారు. మంత్రిగారు గేటు తీసుకుని బయటికొచ్చి, తడి రంగు పంచెకు అంటకుండా ఆ రాయిని జాగ్రత్తగా దాటి, ఇటువైపు నిలబడి మన జిల్లా రేటు గురించి పావుగంట మాట్లాడారు. తర్వాత మళ్ళీ రాయి దాటి, భోజనానికి పక్క జిల్లాలోకి వెళ్ళిపోయారు.