సర్వేయరు గారి డిస్కు లేఅవుట్

ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌కి లినక్స్ అనే కొత్త సిస్టమ్ ఎక్కిస్తానని సర్వేయరు గారు ప్రకటించారు.

“ఇవాళే ఎందుకండీ?” అంది భార్య. ఆవిడ పిల్లలకు సంగీతం నేర్పుతుంది. వాళ్లు విడివిడిగా పాడిన గొంతులన్నీ ఆ కంప్యూటర్‌లోనే కలిపి, సాయంత్రంలోగా పోటీకి పంపాలి.

“నత్తనడక నడుస్తోందని గోల పెట్టింది నువ్వేగా!”

ఆవిడ పాటలన్నీ విడి డిస్కులోకి కాపీ చేసుకుంది. కాపురం నేర్పిన జాగ్రత్త.

ఆయన ఎత్తు వేరు. ఈ వంకన డిస్కులో సగం తన చదరంగం వీడియోలకు రాయించుకోవాలి.

డిస్కును ఎలా విభజించాలని తెర అడిగింది. అడగవలసినవాణ్ణే అడిగావన్నట్టు ఆయన చొక్కా చేతులు మడిచారు. సిస్టమ్‌కి ఒక ముక్క, భార్యకి ఒకటి, తనకు మూలన పెద్దది. ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీ వదిలారు.

“ఈ సందులేంటి?”

“రోడ్లు. వదలకపోతే రేపు తగాదాలొస్తాయి.”

“వీటి మీద ఎవరు తిరుగుతారండీ?”

“ఎవరూ తిరక్కపోయినా వదలాలి. అది పద్ధతి.”

లినక్స్ ఎక్కింది. ఆవిడ పాటలు తిరిగి ఎక్కిస్తుంటే యంత్రం సగంలో ఆగిపోయి, చోటు లేదంది.

“లేకపోవడమేంటి? రోడ్లన్నీ కలిపితే బోలెడు!”

“కలపండి మరి.”

కలవలేదు. మధ్యలో ప్లాట్లు అడ్డం.

“ఆ మూలది ఖాళీగానే ఉందిగా?”

“అది... ముందు ముందు అవసరాలకి.”

“చదరంగం అని పేరు కూడా పెట్టారే! లేవండి. లేచి టీ పెట్టండి.”

ఆయన టీతో వచ్చేసరికి తెర మీద గీతలు లేవు, రోడ్లు లేవు. డిస్కంతా ఒకటే ముక్క. లినక్స్ మళ్లీ ఎక్కుతోంది.

“హద్దులేవీ?”

“ఉండేది ఇద్దరం. ఎవరికెంత కావాలో అంత వాడుకుందాం.”

ఆయన వంగి చూశారు. అంగుళం వృథా పోలేదు. తన సర్వీసులో అలాంటి లేఅవుట్ గీయలేదని మనసులో ఒప్పుకున్నారు. కాసేపటికి పిల్లల గొంతులన్నీ ఒక్క పాటై వినిపించాయి. కప్పు చేతిలో పట్టుకుని చివరిదాకా నిలబడే విన్నారు. గడువుకు ముందే పాట వెళ్లిపోయింది.

ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే ఆయన కుర్చీలో చేరి చదరంగం ఆట ఎక్కించబోయారు. యజమాని పాస్‌వర్డ్ కావాలంది యంత్రం. ఆయన టీ కాచిన సమయంలో యాజమాన్యం మారిపోయింది.

“ఏమోయ్, పాస్‌వర్డ్ ఏంటి?”

“ఏం కావాలో చెప్పండి, పరిశీలిస్తాను!”

ఆఫీసులో తన బల్ల దగ్గరికి వచ్చేవాళ్లతో ఆయన రోజూ అనే మాటే అది.

సర్వేయరు గారు కుర్చీలోంచి లేచి, వంటింటి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు.