నీలికొంగ సంఘంలో రెండో మెట్టు

శిబిరం వంటగది తలుపుకున్న ఇనుప వల నిలువునా చిరిగి ఉంది. సాయంత్రం విందుకని తన భార్య చెర్రీ పళ్లు కూరి కాల్చి పంపిన పైల పళ్లేలు మూడూ ఖాళీగా నేల మీద దొర్లుతుండటం చూసి రోలాండ్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎలుగుబంటి," అన్నాడు, సంఘాధ్యక్షుడి గొంతుతో.

మిషిగన్ ఉత్తరపు అడవుల్లో ఆ మాటకు తిరుగులేదు. కాదని తెలిసినవాడు వెండెల్ ఒక్కడే. బీమా ఏజెంటు, రోలాండ్ చెల్లెలి భర్త. స్కౌట్లలో ఎంపికైనవాళ్లకే చోటిచ్చే నీలికొంగ సంఘంలో అతను మొదటి మెట్టు దగ్గరే ఏళ్లుగా ఆగిపోయాడు. రెండో మెట్టు ఎక్కాలంటే పొద్దున జెండా ఎగిరింది మొదలు సాయంత్రం దింపేదాకా అరకడుపుతో, నోట మాట లేకుండా ఒళ్లు వంచి పనిచెయ్యాలి. ఒకసారి కందిరీగ కుట్టి, మరోసారి ఎవరో బీమా గురించి తప్పుగా చెబుతుంటే ఉండబట్టలేక, వెండెల్ నోరు జారాడు. రోలాండేమో కృతజ్ఞతా పండుగ భోజనానికి కూడా రెండో మెట్టు ఎర్ర పట్టీ భుజాన వేసుకొచ్చి, టర్కీ కోడిని తానే కోసి, వెండెల్ పళ్లెంలో మెడ ముక్క పడేస్తాడు. ఈసారి పట్టీ రాకపోతే ఇక ఆ బల్ల దగ్గర కూర్చోనని వెండెల్ భార్య ముందు ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ పట్టుదలతోనే, రోజంతా ఆకలికి ఓర్చుకునేందుకు, ఈ ఉదయం జెండా ఎగరకముందే వంటగదిలో దూరాడు. ఒక్క ముక్క చాలనుకున్నాడు. మూడు పైలు అయ్యాక బయటికొస్తుంటే బెల్టు కొక్కెం వలకు తగులుకుని చీరేసింది. అంతలో జెండా ఎగిరింది. నోటికి తాళం పడింది.

అయినా మనిషి నిజాయితీపరుడు. అందరి ముందుకూ వచ్చి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు, పొట్ట నిమిరాడు, పళ్లేల వైపు చూపి మూడు వేళ్లు ఎత్తాడు.

"చూశాట్ట," అన్నాడు రోలాండ్. "ఛాతీ దాకా వస్తుందట. పొట్ట చూస్తే ఆడది. పిల్లలు మూడు."

వెండెల్ తల అడ్డంగా గట్టిగా ఊపాడు. కోపంగా ఉందన్నమాట, అని పక్కవాళ్లు అర్థం చేసుకున్నారు.

అక్కణ్నుంచి పనులు చకచకా జరిగాయి. శిబిరం దారి మూశారు. పళ్లేలు మోగిస్తే జంతువు పారిపోతుందని కొందరు మోగిస్తే, ఆ మోతకు అదే వస్తోందనుకుని ఒక పంటి డాక్టరు కారు వెనక్కి పోనిచ్చి ఒడ్డున పడవలు పేర్చిన చట్రాన్ని గుద్దాడు. పడవలన్నీ సరస్సులోకి జారి ఎవరి దారి అవి చూసుకున్నాయి. వచ్చే వారం పిల్లల శిబిరం రద్దు చేద్దామని రోలాండ్ ప్రకటించాడు. అటవీ అధికారి ఇర్మా కోస్కి ట్రక్కు వెనక ఊచల తలుపున్న గొట్టంలాంటి ఇనుప బోను తెచ్చి, తేనె పూసిన పంది మాంసం లోపల వేలాడదీసింది. పిల్లలున్న ఎలుగు మనుషుల తిండి మరిగితే కాల్చెయ్యక తప్పదని చెప్పి, బోను తాళంచెవి జేబులో వేసుకుని, మోటారు పడవలో మిగతా పడవల వెంట పడింది.

వెండెల్ రెండు చేతులతో తన రొమ్మే పొడుచుకుని చూపించాడు. మీదికి రాబోయిందట పాపం, అని అందరూ జాలిపడి కార్లెక్కి వెళ్లిపోయారు.

మాంసం వేలాడదీసిన తీరు రోలాండ్‌కు నచ్చలేదు. సరిచేద్దామని బోనులోకి పాకాడు. వెనక తలుపు దభాలున మూసుకుని దానంతటదే తాళం పడింది.

మధ్యాహ్నమంతా రోలాండ్ లోపలినుంచి ఏదో ఒకటి ఆజ్ఞాపిస్తూనే ఉన్నాడు. వెండెల్ ఊచల పక్కన కూర్చుని, మారు మాట లేకుండా, తన వంతుకు ఇచ్చిన కట్టెలన్నీ చీల్చాడు. పొద్దు వాలాక లేచి వెళ్లి జెండా తనే దించి వచ్చాడు.

రోలాండ్ ఊచల దగ్గరికి జరిగాడు. "బావా, అంతా పారిపోయారు. ఎలుగు తిరుగుతోందని తెలిసీ నువ్వు కదల్లేదు, పెదవి విప్పలేదు. ఇలాంటి దీక్ష నేను చూళ్లేదు." తన భుజం మీది ఎర్ర పట్టీయే తీసి ఊచల్లోంచి అందించాడు. "రెండో మెట్టు ఎక్కావు. ఇక మాట్లాడు."

వెండెల్ పట్టీ వేసుకుని, సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"పిల్లల శిబిరం రద్దు చెయ్యకు బావా, ఎలుగు లేదు. పైలు తిన్నది నేను. జెండా ఎగరకముందే తిన్నాను గనక నియమం తప్పలేదు. పొద్దుటినుంచీ చేతులు నొప్పెట్టేలా అదే చెబుతున్నాను. నోటితో చెప్పడానికి మాత్రం ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది, తాళంచెవితో ఇర్మా ఇంకా అవతలి ఒడ్డునే ఉంది."