జవాబు రాయనక్కర్లేదు

ఆ పొద్దున్న నిషివాకి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా సంఘం మెయిళ్లను పాత కంపెనీ నుంచి కొత్త సర్వర్‌కు మార్చెయ్యాలి, పదింటికి టీ తాగాలి. తవుడులో కూరగాయలు ఊరబెట్టేవాళ్ల సంఘం అది. జపాన్‌లోని కనజావా ఊళ్లో నూట నలభైమంది సభ్యులు, అందరూ తలలు నెరిసినవాళ్లే. తమ తవుడు తొట్టెల కష్టసుఖాలు ఇరవై ఒక్క ఏళ్లుగా మెయిళ్లలో రాసుకుంటున్నారు. పోయినవాళ్ల మాటలు కూడా ఆ ఉత్తరాల్లోనే మిగిలాయి. ఇప్పుడా కంపెనీ మధ్యాహ్నం పన్నెండింటికి ఈ సేవ ఎత్తేస్తోంది. ఒతోవా అనే ఆవిడ తన ఇంట్లో సొంతంగా నడిపే సర్వర్‌లో చోటిచ్చింది.

నిషివాకి పాత ఉత్తరాలన్నీ ఒక ఫైలుగా దింపుకున్నాడు. అందరికీ కొత్త చిరునామా పంపి, చివర "జవాబు రాయనక్కర్లేదు" అని చేర్చాడు. ముప్ఫై ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసిన మనిషి ఆ మాట రాయకూడదు. అక్కర్లేదన్నారంటే అవతలివాళ్లు మొహమాటపడుతున్నారని ఆ ఊళ్లో అర్థం. అప్పుడు రాయకపోతేనే తప్పు.

నూట ముప్ఫై తొమ్మిది మందీ రాశారు. వాన గురించి రెండు ముక్కలు, అతని శ్రమ గురించి నాలుగు ముక్కలు. ప్రతి జవాబూ కొత్త సర్వర్ మీదుగా అందరికీ వెళ్లింది. "దయచేసి ఇక ఆపండి" అని నిషివాకి వేడుకున్నాడు. అందరూ క్షమాపణ చెప్పుకున్నారు, అదీ అందరికీ. క్షమాపణ ఆలస్యమైనందుకు ముగ్గురు మళ్లీ క్షమాపణ చెప్పుకున్నారు. పదకొండున్నరకు కొత్త సర్వర్ చతికిలబడింది.

ఒతోవా ఫోన్ చేసింది. "ఒక్కొక్కరూ ఎంతెంత బరువు పంపుతున్నారండీ మీవాళ్లు? నా డబ్బా ఊపిరాడక ఆగిపోయింది."

"పాత ఉత్తరాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి లెండి," అన్నాడు నిషివాకి.

పన్నెండు దాటాక, పాత కంపెనీ తలుపులు మూసుకున్నాక, అతను ఆ ఫైలు తెరిచాడు. అందులో నూట నలభై పేర్లున్నాయి. ఉత్తరం ఒక్కటీ లేదు. అతను దింపుకున్నది సభ్యుల జాబితా.

క్షమాపణ చెప్పుకోడానికి మిఠాయి పెట్టె కొనుక్కుని సంఘం పెద్ద హమతాని గారింటికి వెళ్లాడు. ఆవిడకు ఎనభై మూడేళ్లు. ఆవిడ ముందు మోకరిల్లి, నుదురు చాపకు ఆనించాడు.

"అమ్మగారూ, ఇరవై ఒక్క ఏళ్ల ఉత్తరాలూ నా చేతులారా పోగొట్టాను."

"ముందు లేవండి. చాప చల్లగా ఉంది, జలుబు చేస్తుంది."

అతను లేచేలోగా ఫోన్ మోగింది. ఒతోవా గొంతు గదంతా వినిపించింది. "డబ్బా లేచిందండీ. ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకండి. మీవాళ్లకు కొత్తగా మెయిల్ మొదలెట్టడం రాదా?"

"నాకే రాదమ్మా," అన్నారు హమతాని గారు. "ఏదో ఒక పాత ఉత్తరం తెరిచి, దానికే జవాబు కొట్టి, చిరునామా మారుస్తాను. అందరం అంతే."

"మరి కింద ఉన్న పాతవి తీసెయ్యరా?"

"ఒకరు రాసినదాన్ని కొట్టేస్తామా? అదేం మర్యాద?"

"అందుకేనన్నమాట. ఒక్కో జవాబు కింద ఏళ్లకేళ్ల ఉత్తరాలు వేలాడుతున్నాయి. అన్నీ కలిపి చూస్తే దాదాపు మొత్తం ఇక్కడే ఉంది. మియాగాకి గారట, తొట్టెకు బూజు పడితే ఏం చెయ్యాలో ఎంత బాగా రాశారో."

మియాగాకి పోయి తొమ్మిదేళ్లయింది. నిషివాకికి ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకున్నాడు, సిగ్గుపడలేదు. హమతాని గారు అతని వీపు నిమిరి టీ పోశారు.

ఆ సాయంత్రం సంఘం నిబంధనల్లో కొత్తది ఒకటి చేరింది: పాత ఉత్తరాలు కత్తిరించి మెయిల్ పంపేవాళ్ల సభ్యత్వం రద్దు.