క్రోయిడన్ కెటిల్ పునఃప్రవేశము

థేమ్స్ నదికి దక్షిణమున, ట్రాముల ఘంటారావముతో మారుమ్రోగు క్రోయిడన్ మహాపురమున, మార్చి వచ్చినను సూర్యుడింకను సెలవు నుండి తిరిగి రాని యొక తుంపర మంగళవారమున, ప్రైవేటు వృద్ధాశ్రమాధిపతియగు హార్‌గ్రీవ్ ప్రభువు ఉద్యోగుల గదిలోని కెటిల్‌ను పట్టి, ప్లగ్గు పెరికి, వీధి పేవ్‌మెంటుపై పారవేసెను. టీ పేరు చెప్పి స్టాఫు కూర్చొనుచున్నారట! మనుషులు కూర్చొనుటయే ఆ కెటిల్ చేసిన మహాపరాధము.

తెల్లవారినది మొదలు ముసలివారిని లేపి, స్నానములు చేయించి, గంజి తినిపించి, నడుము పట్టుకొని గదిలోకి వచ్చిన నరసాపుర కులదీపిక, శుశ్రూషాధురంధర, సుగుణకుమారి ఖాళీ బల్లను, కిటికీ బయట వానలో పడియున్న కెటిల్‌ను చూచెను. ఆమె చేతిలో ఇంటినుండి తెచ్చుకొన్న దంచిన అల్లపు డబ్బా అట్లే నిలిచిపోయెను. షిఫ్టు మొత్తములో తాను కూడ మనిషినేనని ఆమెకు తోచునది ఆ ఒక్క కప్పు టీ తాగునప్పుడే.

"మా టీ జోలికొస్తాడా? ఉండు, కౌన్సిల్‌కే వెళ్తా!" అని ప్రతిన బూని, షిఫ్టు దిగినదే తడవుగా, ఛత్రాయుధపాణియై, కౌన్సిలర్ సదాశివం జనుల మొరలు వినెడి లైబ్రరీపై దండెత్తెను. ఎన్నికలనాడు "కార్మికుల కోసం ప్రాణమిస్తా" నని గడపగడపకు కరపత్రములు పంచిన ధీరోదాత్తుడతడు.

ఆతడు గొంతు సవరించుకొని ఇట్లు గర్జించెను: "ఆంటీ! ఈ క్రోయిడన్ బరోలో మా ఆర్డర్ లేకుండా ఒక్క బిన్ కదలదు! మా పర్మిట్ లేకుండా ఒక్క కారు ఆగదు! కానీ ప్రైవేటు ఓనర్ తన స్టాఫ్‌ని ఎలా చూసుకోవాలో రూల్ పెట్టే పవర్ మాకు లేదండీ. డ్యూటీల రోటా, బ్రేకు, టీ... అదంతా వెస్ట్‌మిన్‌స్టర్ పార్లమెంటు పని. కావాలంటే మంచి తీర్మానం ఒకటి పాస్ చేస్తాం."

"తీర్మానం మీద నీళ్ళు కాగుతాయా బాబూ?"

సదాశివం సిగ్గుపడలేదు. సిగ్గు కూడా వెస్ట్‌మిన్‌స్టర్ పరిధిలోనిదే కాబోలు.

"పోనీ, ఆ కెటిల్ పేవ్‌మెంటు మీద వానలో పడుంది. అదైనా మీదేనా, అదీ పార్లమెంటుదేనా?"

అంతట ఆ నిద్రాణకేసరి జూలు విదిల్చి లేచెను. "ఏంటీ! నా వార్డులో, నా పేవ్‌మెంటు మీద, చెత్తా?" సుగుణకుమారి నడుమునొప్పికి చలింపని ఆ కరకు గుండె తడిసిన కెటిల్‌కు కరిగిపోయెను.

మరునాడే పచ్చజాకెట్టుధారిణియగు కౌన్సిల్ అధికారిణి వచ్చి, జరిమానాస్త్రమును ఎక్కుపెట్టి, "ఎలక్ట్రికల్ చెత్త బండి వచ్చేదాకా దీన్ని లోపలే ఉంచాలి" అని శాసించెను.

"ఆ బండి ఎప్పుడొస్తుంది?" అని హార్‌గ్రీవ్ ప్రభువు దీనముగా వేడెను.

"అది మాకూ తెలీదు."

తన ఆఫీసులో చెత్తను పెట్టుకొనుటకు నామోషీపడి, ప్రభువు కెటిల్‌ను ఉద్యోగుల గదికే మోసికొనిపోయెను. సుగుణకుమారి దానిని తుడిచి, బాగుగా ఆరబెట్టి, ప్లగ్గు గుచ్చెను. ఎర్రదీపము వెలిగెను.

"గెలిచాం కదా ఆంటీ!" అని తోటి ఉద్యోగిని షైనీ చప్పట్లు కొట్టెను.

సుగుణకుమారి అల్లము వేయుచు అనెను: "ఈసారి మననే పేవ్‌మెంటు మీద పారేయమనవే. అప్పుడైనా కౌన్సిల్ వాళ్ళొచ్చి చూస్తారు."

రోటా మారలేదు, బ్రేకు పెరగలేదు, చట్టము కదలలేదు. అయినను జయము, దిగ్విజయము! సకల పురజనులారా, చెవులొగ్గి వినుడు: నీళ్ళు కాగినవి.