దానయ్యమ్మ ఫోటోలో కనబడిన సంగతి

నీలారేవు టౌన్‌హాల్లో అబద్ధం చెప్పేవాళ్ల ఒంట్లోంచి వెలుగు వస్తుంది, నిజం చెప్పేవాళ్లు చీకటైపోతారు. హాలు కట్టిన నాటి నుంచీ ఇంతే. సభలకు లైట్లు వెయ్యనక్కర్లేదని పురపాలక సంఘం వారు సంతోషించారు. మంత్రిగారు మాట్లాడిన రోజున చివరి వరుసలోని వాళ్లు కూడా పేపరు చదువుకున్నారు.

అక్కడి సభలకు ప్రభుత్వం తరఫున ఫోటోలు తీసేవాడు తవిటినాయుడు. కెమెరాతోపాటు వచ్చిన మామూలు లెన్సే అతనికి సరిపోయేది. ఫ్లాష్ వాడితే వక్తల సొంత వెలుగును అనుమానించినట్టవుతుందని ఒక జీవో ఉంది. అప్పుడప్పుడు మైకు ముందు నల్లటి మచ్చ ఒకటి పడేది. ఆఫీసువాళ్లు దాన్ని కత్తిరించి పారేసేవారు. ఫోటోలో ఉన్నవాడే మాట్లాడినట్టు లెక్క.

మందుల కంపెనీ తన మురికినీటి గొట్టాన్ని ఊరి కాలవలోకి వదులుతానన్నప్పుడు ప్రజాభిప్రాయ సేకరణకు మూడు విచారణలు ఆ హాల్లోనే పెట్టారు. మొదటిదాంట్లో మైలపల్లి దానయ్యమ్మ మైకు పట్టుకుంది. ఇప్పటికే దొంగచాటుగా వదులుతున్నారని, వల వెయ్యడానికి దిగిన తన భర్త అప్పలస్వామి కాళ్లు బొబ్బలెక్కి, కుళ్లి, ఆస్పత్రిలో పోయాడని చెప్పింది. మొదటి మాటకే ఆమె చీకటైపోయింది. గొంతు మాత్రం వినబడింది. మర్నాడు నివేదికలో, వక్తలందరూ కంపెనీని స్వాగతించారని వచ్చింది.

ఆమె తిన్నగా తవిటినాయుడి స్టూడియోకి వెళ్లింది.

"నన్ను తీసేవా నేదా?"

"తీసేనమ్మా. సీకటొచ్చింది."

"మొగుడు సచ్చిపోయిన సంగతి సెప్పుకుంటే, నాను అసలు రానేదని రాసీసినారు. నీ కెమెరా కంటికి మాలాటోళ్లు ఆన్రా?"

తవిటినాయుడికి ముందు ఆమె మీద కోపం వచ్చింది. తరవాత లెన్స్ మీద వచ్చింది. ఆ కోపంతోనే విచారణాధికారి శేషఫణి దగ్గరకు వెళ్లి, చీకట్లో కూడా మనిషిని పట్టే లెన్స్ ఒకటి ఇప్పించమన్నాడు.

"ఎవరి కోసమయ్యా?" అన్నాడు శేషఫణి. "పోయినసారి ఫోటోలో కంపెనీ ఎండీ గారి మొహం తెల్లగా మాడిపోయింది. లెన్స్ మీద పెట్టే నల్లద్దం కావాలంటే చెప్పు, ఇవాళే తెప్పిస్తాను."

తవిటినాయుడు పట్నం వెళ్లి ఎనభై ఐదు ఎం.ఎం. లెన్స్ అద్దెకు తెచ్చుకున్నాడు. దాని కన్ను పెద్దది. ఉన్న కాస్త వెలుగునూ లాక్కుంటుంది. దానికి స్టాండు కూడా కావాలి, ఎదుటి మనిషి కాసేపు కదలకుండా ఉండాలి. రెండో విచారణ మొదలయ్యే ముందు అతను దానయ్యమ్మను పక్కకు పిలిచాడు.

"మాటాడుతూ మజ్జిలో ఒక్కపాలి కదలకుండా నిల్చో."

"ఎక్కడ నిల్చోమంతావు?"

"మీ ఆయన పేరు సెప్పిన కాడ."

ఆ రోజు ఎండీ గారు కాలవ నీళ్లు తన మనవలకు తాగిస్తున్నానన్నారు. ముందు వరుసలోని వాళ్లు నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నారు. తరవాత దానయ్యమ్మ లేచింది. మైకు దగ్గర చీకటి పడింది. అప్పలస్వామి అని పేరు చెప్పి ఆగిపోయింది. తవిటినాయుడు ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. ఫోటో అంతా ఇసక చల్లినట్టు వచ్చింది గానీ, ఆమె కళ్లు, మైకును పట్టుకున్న చెయ్యి, తెరిచిన నోరు పోల్చుకునేలా ఉన్నాయి.

తవిటినాయుడు ఆ ఫోటో తెచ్చి శేషఫణి బల్ల మీద పెట్టాడు.

"బాగా తీశావ్. ఈ హాల్లో మనిషి కనబడిందంటే వెలుగు ఉన్నట్టు. వెలుగుంటే అబద్ధం చెప్పినట్టు. ఇన్నాళ్లూ ఈవిడ సభకే రాలేదనుకుని వదిలేశాం. ఇప్పుడు తప్పుడు సాక్ష్యం కేసు పెట్టాలి."

"ఆవిడ చీకట్లోనే ఉందండి. కనబడింది లెన్స్ వల్ల."

"లెన్స్ అబద్ధం చెబుతుందా?"

"మరి ఎండీ గారండి? ఆయన వెలుగుకి మీరే కళ్లద్దాలు పెట్టుకున్నారు."

"ఆయనది అభివృద్ధి వెలుగు. దానికి వేరే జీవో ఉంది."

తవిటినాయుడు బల్ల మీంచి ఫోటో లాక్కుని ముక్కలు ముక్కలుగా చింపాడు. కంప్యూటర్లో ఉంది కదా అని శేషఫణి ఇంకో కాపీ తీయించి ఫైల్లో పెట్టుకున్నాడు.

పోలీసులు దానయ్యమ్మను రెండుసార్లు స్టేషన్‌కి పిలిచారు. మూడోసారి వాళ్ల అమ్మాయిని కూడా తీసుకురమ్మన్నారు. చివరి విచారణలో సరిగ్గా మాట్లాడితే కేసు ఎత్తేస్తామని కబురు పంపారు.

ఆమె తల దువ్వుకుని వచ్చింది. కాలవ నీళ్లు తియ్యగా ఉంటాయంది. తన మొగుడు సారా తాగి తాగి చచ్చాడంది. పాదాల దగ్గర మొదలైన వెలుగు మెడ దాకా, ఆపైన మొహం మీదకీ పాకింది. జనం చప్పట్లు కొట్టారు. తవిటినాయుడు మామూలు లెన్స్‌తోనే తీశాడు. బుగ్గ మీద జారిన చుక్క కూడా స్పష్టంగా వచ్చింది.

సభ మధ్యలో అతను బయటికి వచ్చేసరికి దానయ్యమ్మ మెట్ల మీద కూచుని కొంగుతో చేతులు గట్టిగా తుడుచుకుంటోంది. పట్టపగలే చేతులింకా మెరుస్తున్నాయి.

"ఇది పోదేటి, బాబూ?"

"కొన్నాళ్లుంటాదమ్మా. అలవాటైపోద్ది."

లోపల మైకు దగ్గరికి రమ్మని ఆమె మరిది పేరు పిలిచారు. తవిటినాయుడు కెమెరా సర్దుకుని లోపలికి వెళ్లాడు.