ప్రిన్సిపాలమ్మ పూలగుత్తి

ఆ ఆదివారం పొద్దున మొగామి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకల్లా షిజుయె గారి చేతిలో పూలగుత్తి పెట్టాలి, ఆ తర్వాత అందరికీ అన్నం పెట్టెలు పంచాలి.

మొగామి ఒక టీవీ సీరియల్‌కి మూడో అసిస్టెంట్ డైరెక్టరు. అంటే, తప్పు జరిగితే మొదటి మనిషి. సీరియలేమో గొప్పింటి పిల్లల బడి గురించి. అక్కడ మార్కులతో పనిలేదు, పేకాటలో గెలిచినవాడిదే పరువు. ఓడినవాడి బెంచీ కిటికీ పక్కనుంచి చెత్తబుట్ట పక్కకి జరుగుతుంది. ఆ బడి ప్రిన్సిపాలమ్మగా వేస్తున్నది డెబ్బై రెండేళ్ల కురహాషి షిజుయె. చివరి భాగంలో ఆమెకీ కథానాయికకీ బల్ల దగ్గర ఆఖరి ఆట. ఆ ఆటలో ఎవరు గెలుస్తారా అని దేశంలో సగం మంది ఎదురుచూస్తున్నారు. షూటింగుకి అరువు తెచ్చుకున్న ఉత్సునొమియా ఊరి పాత బడిని మాత్రం ఆ సాయంత్రం ఐదింటికల్లా ఖాళీ చేయాలి.

ముందురోజు జాబితాలో ఆ ఆట సీను ఉంది. మొగామిని కొత్త పేకముక్కల కోసం టోక్యో పంపారు. ఆమె అటు వెళ్లగానే వాన పడి, రేకుల మీద చప్పుడుకి సీను వాయిదా పడింది. ఆ సంగతి అందరికీ చెప్పారు, ఊళ్లో లేని మొగామికి తప్ప. సీను అయిపోయిందనుకుని ఆమె తన జాబితా కాగితంలో దాన్ని ఎర్రపెన్నుతో కొట్టేసింది.

పొద్దున వరండాలో షిజుయె నడిచివచ్చే చిన్న షాట్ తీశారు. "కట్! బాగుంది," అన్నాడు దర్శకుడు నిషివాకి. మొగామి పూలగుత్తి ఎత్తి పట్టుకుని గొంతు చించుకుంది.

"కురహాషి షిజుయె గారి పాత్ర ఇంతటితో పూర్తయింది! ఇన్నాళ్లూ కష్టపడ్డారు, ధన్యవాదాలు!"

ఆఖరి షాట్ అయిన నటులకి ఇలా కేకేసి పూలివ్వడం సెట్టు మర్యాద. ఒకరు చప్పట్లు మొదలెట్టాక చేతులు కట్టుకు నిలబడేవాడు ఆ సెట్టులో లేడు. నలభై మందీ కొట్టారు. 'ఆట సీను నిర్మాత ఎత్తేశాడన్నమాట. నాకో మాట చెప్పొద్దూ!' అనుకుంటూ దర్శకుడు కోపంగా కొట్టాడు. 'దర్శకుడు కథ మార్చేశాడన్నమాట,' అనుకుంటూ నిర్మాత హిగాకి ఇంకా గట్టిగా కొట్టాడు.

షిజుయె ఒక్కక్షణం మొగామి మొహంలోకి చూసింది. తర్వాత పూలు గుండెకి హత్తుకుని, కళ్లనీళ్లతో పావుగంట మాట్లాడింది. అందరికీ తలో చేతిరుమాలు పంచి, వంగి దండం పెట్టి కారెక్కింది.

కారు మలుపు తిరిగాక నిషివాకి అడిగాడు. "హిగాకి గారూ, ఆఖరి ఆట ఎందుకు తీసేశారండీ?"

"నేనా? మీరు కదా తీసేసింది!"

ఇద్దరూ మొగామి వైపు తిరిగారు. మొగామి తన కాగితం వైపు చూసుకుంది.

"ఫోన్ చేసి వెనక్కి రమ్మంటే పోలా?" అన్నాడు హిగాకి.

"ఏమని చెప్తారు? ఆ కన్నీళ్లు మా పొరపాటండీ అనా?" అన్నాడు నిషివాకి.

ఫోను నలుగురి చేతులు మారింది. ఎవరూ నొక్కలేదు. చివరికి నిషివాకి అన్నం పెట్టె మూత మీద కొత్త ముగింపు రాశాడు. ప్రిన్సిపాలమ్మకి జబ్బు, కథానాయిక ఖాళీ కుర్చీతో పేకాడాలి. "కుర్చీ మీద గెలిస్తే అదేం గెలుపండీ?" అని కథానాయిక ఏడుపు మొదలెట్టింది.

"మొగామీ! ఒంటిగంటకల్లా ఆవిడ రాకపోతే రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు," అన్నాడు హిగాకి.

మొగామి చేతికందిన గొడుగు పట్టుకుని పరిగెత్తింది. స్టేషన్ దాకా వెళ్లేసరికి పక్కనే గ్యోజా కుడుముల కొట్లో కనిపించింది షిజుయె, ఎదురుగా కారు డ్రైవరు, మధ్యలో రెండు ఖాళీ ప్లేట్లు.

"షిజుయె గారూ... మీ గొడుగు మరిచిపోయారని..."

"నాది కాదమ్మాయ్. పైగా బయట ఎండ."

మొగామి నుదురు బల్లకి ఆనించింది.

"లే, జుట్టుకి సాస్ అంటుకుంటుంది. ఆట సీను మధ్యాహ్నమేగా? మేకప్ కూడా తుడుచుకోలేదు, చూడు."

"మీకు తెలుసా? మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"నలభై మంది ముందు తప్పంటే నీ గతేంటి? నేను ఏడిస్తే నాకు పోయేదేముంది? ఈ వయసులో పూలిస్తామంటే వద్దంటానా?" షిజుయె డ్రైవరు వైపు గుర్రుగా చూసింది. "పిలవడానికి దర్శకుడొస్తాడని ఈయనతో పందెం కాశాను. ఓడిపోయాను."

"తప్పు చేసినోళ్లే పరిగెత్తుకొస్తారండీ," అన్నాడు డ్రైవరు మూతి తుడుచుకుంటూ.

సెట్టుకి రాగానే షిజుయె అందరికంటే ముందు నడుం వంచింది. "పెద్దదాన్నయ్యాను. ఆఖరి ఆట మిగిలిందని మరిచిపోయి వెళ్లిపోయాను, క్షమించండి." నలభై మందీ అంతకంటే కిందకి వంగారు. నిషివాకి అన్నం పెట్టె మూతని చెత్తబుట్టలో వేశాడు.

ఐదుకి ఐదు నిమిషాలుండగా ఆట ముగిసింది. ప్రిన్సిపాలమ్మే గెలిచింది. మర్యాద ప్రకారం మళ్లీ కేకేయాలి, మళ్లీ పూలివ్వాలి. కొత్తవి తెచ్చే టైము లేక మొగామి ఆ పొద్దుటి గుత్తినే అందించింది. షిజుయె గుండెకి హత్తుకుంది.

పూలు వాడిపోయాయి గానీ, ఏడుపు మాత్రం తాజాగానే ఉంది.