పచ్చబొట్టుకు ప్రభుత్వ సాఫ్ట్‌వేర్

"ఈ టాటూ స్టూడియోకు సాఫ్ట్‌వేర్ ఎంపిక చేసే బరువు ప్రభుత్వమే మోస్తుంది!" అని మంత్రిగారు ప్రకటించగానే, కుర్చీలో చొక్కా విప్పుకుని కూర్చున్న నేను చప్పట్లు కొట్టాను. నా భుజం మీద మా పార్టీ అధినేత బొమ్మ సగంలో ఉంది. స్టూడియో నడిపే అక్క రెండో కన్ను మొదలుపెట్టబోయేంతలో మంత్రిగారి వెంట వచ్చిన అధికారిగారు అడ్డుపడ్డారు.

"సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా సూది ముట్టుకోకూడదమ్మా."

నిజానికి అక్క అడిగింది చిన్న సాయమే. మా కార్యకర్తలు బొమ్మ కోసం ఎగబడి, ఉన్న ఒక్క కుర్చీ దగ్గర జుట్లు పట్టుకుంటున్నారు. ఎవరెప్పుడు రావాలో చెప్పేదేదైనా ఉంటే బావుణ్ణంది. మంత్రిగారు ఏకంగా కమిటీ వేశారు.

మొదటి కంపెనీ కుర్రాడు కంప్యూటర్ తెరిచాడు. "పేరు కొడితే టైమ్ ఇస్తుందండీ. అంతే."

అధికారిగారి మొహం వాడిపోయింది. "చూడగానే అర్థమైపోతోంది. ఇక శిక్షణ శిబిరాలు ఎవరికి పెట్టాలయ్యా?"

రెండో కంపెనీ పెద్దమనిషి కోటు వేసుకొచ్చాడు. "మాది నొప్పిని ముందుగానే మంజూరు చేస్తుంది సార్."

"మంజూరు కాకపోతే?"

"కస్టమర్ అరవడానికి వీల్లేదు సార్."

అధికారిగారి కళ్లు చెమర్చాయి. "పాలనంటే ఇదీ!"

"ఎవరెప్పుడు రావాలో చెబుతుందా అండీ?" అక్క నసిగింది.

"అది వచ్చే వెర్షన్‌లో తల్లీ," అన్నాడు కోటు పెద్దమనిషి.

ఎంపిక ఇంత పకడ్బందీగా సాగుతుంటే మా ఆవిడకు మాత్రం ఓపిక లేదు. "ఆ ఒంటికన్నుతో ఇంకెన్నాళ్లు? పిల్ల జడుసుకుంటోంది. ముందు చొక్కా తొడుక్కో."

"అధినేతను దాచమంటావా?" అన్నాను. ఇంట్లో కూడా బనియనుతోనే తిరిగాను.

సాఫ్ట్‌వేర్ ప్రారంభోత్సవం రోజున అధినేత బొమ్మతో తొలి పచ్చబొట్టు తనకే వేయాలని మంత్రిగారు పట్టుబట్టారు. కెమెరాల ముందు చెయ్యి చాపారు. "ప్రాణం పోయినా చెరగకూడదు!" చప్పట్లతో గది దద్దరిల్లింది.

అక్క మీట నొక్కింది. సాఫ్ట్‌వేర్ అడిగిన మొదటి ప్రశ్నను గట్టిగా చదివింది: "శాశ్వతమా, తాత్కాలికమా?"

మంత్రిగారు విలేకరులను టీ తాగి రమ్మని సాదరంగా బయటికి పంపారు. తలుపు మూశాక అక్క వైపు వంగారు.

"తాత్కాలికం నొక్కమ్మా. ఫోటోలో ఏదైనా ఒకటేగా."

అప్పుడే వారి చూపు, రెండో కన్ను కోసం మూలన కాచుకుని కూర్చున్న నా మీద పడింది. ఒంటికన్ను అధినేతను కాసేపు తేరిపార చూసి, ఆప్యాయంగా నా భుజం తట్టారు.

"నీలాంటివాళ్లుండబట్టే పార్టీ నిలబడింది తమ్ముడూ."